స్టార్ ఇమేజ్ చూసుకునే పీఆర్వో పని: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

ఫిల్మ్‌నగర్‌లో పొద్దున అన్న మాట సాయంత్రానికల్లా కృష్ణానగర్ టీ కొట్లకు చేరిపోతుంది. మేకప్‌మ్యాన్, లైట్‌బాయ్, డ్రైవరు, జూనియర్ ఆర్టిస్టు, రిపోర్టరు అందరూ తిరిగేది ఆ నాలుగు వీధుల్లోనే. ఇంత ఇరుకు లోకంలో అబద్ధం నిలవదు. అందుకే తారల పేరు చూసుకునే పనికి వచ్చినవాళ్లు ముందుగా ఒక షరతు పెట్టుకోవాలి: మన చేతుల మీదుగా అబద్ధం బయటికి పోకూడదు. చెప్పకూడనిది చెప్పకుండా ఊరుకోవచ్చు, చెప్పింది మాత్రం నిజమై ఉండాలి. ఒక్క ప్రెస్‌నోట్ తప్పని తేలిందా, నిజంగా ఆపద వచ్చిన రోజున మన మాట నమ్మి వార్త ఆపే పత్రిక డెస్కు ఒక్కటీ మిగలదు.

కింద చెప్పినవన్నీ హీరో లేదా హీరోయిన్ పీఆర్ (ప్రజా సంబంధాల) బాధ్యత కొత్తగా తీసుకున్నవారికి. నిర్మాత తరఫున ఒక సినిమాకు చేసే పబ్లిసిటీ వేరు, మనిషి పేరును పదేళ్లు, ఇరవయ్యేళ్లు కాపాడుకు రావడం వేరు. సినిమా పబ్లిసిటీ విడుదలైన రెండో వారానికి అయిపోతుంది. ఈ పనికి సెలవుండదు.

ఇమేజ్ ఎక్కడ పుడుతుందో చూడండి

ఇమేజ్ ముందు తెర మీద పుడుతుంది. పీఆర్వో దాన్ని పుట్టించలేడు, చెడకుండా చూడగలడు. 1957లో ‘మాయాబజార్’ కృష్ణుడి తర్వాత తిరుపతి వెళ్లిన జనం బస్సుల్లో మద్రాసు దాకా వచ్చి ఎన్.టి.రామారావు గారిని చూసి వెళ్లేవారు. ఆ భక్తి పబ్లిసిటీ కొంటే వచ్చింది కాదు. ఆయన దాన్ని నిలబెట్టుకున్న తీరులోనే మనకు పాఠం ఉంది. 1952 రాయలసీమ కరవు నాడు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత అక్కినేని నాగేశ్వరరావు గారితో కలిసి మళ్లీ జనంలోకి వెళ్లారు. 1982లో పార్టీ పెట్టి చైతన్య రథం ఎక్కినప్పుడు ఖాకీ బట్టలు, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం. ఒక్కో దశకు ఒక్కో వేషం, ఆ దశంతా అదే తీరు. ఫొటో చూస్తే ఏ కాలానిదో చెప్పేయొచ్చు.

శోభన్‌బాబు గారిది ఇంకో దారి. 1996లో సినిమాలు మానేశాక తండ్రి పాత్రలకు, తాత పాత్రలకు ఎవరు అడిగినా ఒప్పుకోలేదు. ప్రేక్షకుల మనసులో అందగాడిగానే ఉండిపోవాలనుకున్నారు, 2008లో పోయేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు. ఈనాటికీ నుదుటి మీద పడే ఆ ఉంగరాల జుత్తుతోనే ఆయన గుర్తుంటారు. ఏం చేయకూడదో తేల్చుకోవడం ఇమేజ్ పనిలో సగం అని చెప్పడానికి తెలుగులో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కాబట్టి మొదటి వారంలో మీ తారతో కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ప్రేక్షకుడు ఈ మనిషిలో దేన్ని నమ్మి టికెట్టు కొంటున్నాడు? ఆ నమ్మకాన్ని దెబ్బతీసే పనులేవి? వచ్చే మూడేళ్లలో ఏ పాత్రల వైపు వెళ్లాలనుకుంటున్నారు? జవాబులు ఒక పేజీ దాటకూడదు. ఇంటర్వ్యూ ఒప్పుకోవాలన్నా, యాడ్ వద్దనాలన్నా ఆ పేజీ తీసి చూసుకోవాలి.

ఫైలు కట్టడం

రెండో వారంలో ఫైలు తయారుచేయండి. పేరు తెలుగులో ఎలా రాయాలో, ఇంగ్లిషులో ఎలా రాయాలో ఒక్కటే స్పెల్లింగ్ ఖాయం చేయండి. పుట్టిన తేదీ, ఊరు. సినిమాల జాబితాలో ప్రతిదానికీ విడుదల తేదీ, దర్శకుడు, బ్యానరు. అవార్డులు సంవత్సరంతో సహా. ఇంట్లో ఎవరి పేర్లు బయట వాడొచ్చో, పిల్లల ఫొటోలు వాడొచ్చో లేదో. నడుస్తున్న యాడ్ ఒప్పందాలు, అవి ముగిసే తేదీలు. కోర్టులో ఏమైనా ఉంటే వకీలు నంబరు.

సినిమాల లెక్క దగ్గర చాలామంది తడబడతారు. అతిథి పాత్ర కలపాలా, డబ్బింగ్ సినిమా కలపాలా, బాలనటుడిగా చేసినవి కలపాలా అన్నది ముందే తేల్చి, ఆ లెక్కకే కట్టుబడాలి. 2017 సంక్రాంతికి చిరంజీవి 150వ సినిమా, బాలకృష్ణ 100వ సినిమా ఒక్క రోజు తేడాతో వచ్చాయి. ప్రచారమంతా ఆ అంకెల చుట్టూనే తిరిగింది. అలాంటి రోజున ఒక పత్రిక 100 అని, ఇంకోటి 98 అని రాస్తే పండగ కాస్తా వాదనగా మారుతుంది. రేపు మైలురాయి రాబోతోందంటే ఆర్నెల్ల ముందే లెక్క తేల్చండి.

బిరుదు కూడా ఫైల్లోని వస్తువే. ‘సూపర్‌స్టార్’ కృష్ణ గారికి ‘శివరంజని’ పత్రిక పాఠకుల ఓట్లతో వచ్చింది. ‘సుప్రీం హీరో’గా ఉన్న చిరంజీవికి 1988లో ‘మరణ మృదంగం’తో నిర్మాత కె.ఎస్.రామారావు ‘మెగాస్టార్’ అని వేశారు. అల్లు అర్జున్ ‘స్టైలిష్ స్టార్’ నుంచి ‘ఐకాన్ స్టార్’ అయ్యారు. నాగార్జున గారి ‘యువసామ్రాట్’ ఇప్పుడు నాగచైతన్యది. బిరుదు మార్చాలంటే కొత్త సినిమా టైటిల్ కార్డుతోనో, ఫస్ట్ లుక్‌తోనో మార్చాలి. మధ్యలో ఒక రోజు ట్వీటుతో మారిస్తే అభిమానులే పట్టించుకోరు. ఇంకొకరు వాడుతున్న బిరుదును తాకకండి, అది రెండు అభిమాన సంఘాల మధ్య యుద్ధమై కూర్చుంటుంది. మొదటి రెండు మూడు సినిమాలకే బిరుదు తగిలించడం తప్పని నా అభిప్రాయం. ఆడని సినిమా మీద పెద్ద బిరుదు కనిపిస్తే జనం నవ్వుతారు, ఆ నవ్వు పోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ప్రెస్‌నోట్, స్టిల్స్

1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’ సినిమా పత్రికలు వచ్చిన కాలంలో నెలకో వారానికో రెండు మంచి రంగుల స్టిల్స్ బయటికొచ్చేవి. అభిమాని వాటిని కత్తిరించి ఇంట్లో గోడకు అతికించుకునేవాడు. ఇవాళ ఎయిర్‌పోర్టు దగ్గర, జిమ్ దగ్గర, హోటల్ దగ్గర రోజుకు నలభై ఫొటోలు పడుతున్నాయి. చూడటానికి ఏమీ మిగలడం లేదు. అందుకే కొత్త గెటప్ ఉన్న సినిమా చేస్తుంటే ఆ గెటప్ బయటపడకుండా కనీసం షూటింగ్ సగం పూర్తయ్యేదాకా టోపీ, మాస్కు, వెనకగేటు తప్పవు. లుక్ లీకైతే ఫస్ట్ లుక్ పోస్టర్ విలువ ఆ రోజే పోయింది.

ప్రెస్‌నోట్ 200 నుంచి 250 మాటలు దాటనివ్వకండి. మొదటి వాక్యంలోనే వార్త ఉండాలి. విశేషణాలన్నీ ఒక పక్కకు పెట్టి ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి రాయండి. డెస్కులో ఉన్న సబ్ ఎడిటర్ కింద నుంచి కత్తిరిస్తాడు కాబట్టి ముఖ్యమైన పేర్లు చివరి పేరాలో పెట్టొద్దు. యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో కనిపించే తెలుగు) ఒక కాపీ, పత్రికలు వాడే పాత అను ఫాంట్‌లో ఒక కాపీ, చూసుకోవడానికి పీడీఎఫ్ ఒకటి పంపండి. అనులోనే పేజీలు పెట్టే డెస్కులు ఇంకా ఉన్నాయి. యూనికోడ్‌ను వాళ్లే మార్చుకుంటే వత్తులు చెదిరి హీరో పేరే తప్పు పడుతుంది. సినిమా పేజీ మామూలు వార్తల పేజీల కంటే ముందే మూసేస్తారు, జిల్లా ఎడిషన్లు ఇంకా ముందు వెళ్లిపోతాయి. మధ్యాహ్నం 3 లోపు చేరిన నోటుకే రేపటి పేజీలో నిలకడగా చోటు దొరుకుతుంది.

స్టిల్స్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది, అచ్చులో మసకగా వస్తుంది. డాక్యుమెంటుగానైనా పంపండి, డ్రైవ్ లింకైనా ఇవ్వండి. అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), వెడల్పు 10 అంగుళాలు, అంటే 3000 పిక్సెళ్లు ఉండాలి. నిలువు ఒకటి, అడ్డం ఒకటి, వెనక ఖాళీ ఉన్నది ఒకటి ఇస్తే పేజీ డిజైనరు తనకు కావలసినట్టు వాడుకుంటాడు. ఫైలు పేరులోనే తార పేరు, సినిమా, తేదీ ఉండాలి. చర్మం మైనపు బొమ్మలా నునుపు చేసిన ఫొటో పంపకండి. నిన్నటి ఎయిర్‌పోర్టు వీడియో పక్కన పెట్టి పోల్చేవాళ్లు వెంటనే బయల్దేరతారు.

విడుదల రోజులు

ఫస్ట్ లుక్, గ్లింప్స్ (టీజర్ కంటే ముందొచ్చే చిన్న వీడియో), టీజర్, పాటలు, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్, ఇంటర్వ్యూలు, సక్సెస్ మీట్. ఈ వరుస అందరికీ తెలిసిందే. దానిలో తార పేరు చెడేది ఎక్కడో మాత్రం చూసుకోవాలి.

ముహూర్తం చూసి 11 గంటల 7 నిమిషాలకు గ్లింప్స్ అని ప్రకటిస్తారు. వీడియో సరిగ్గా 11:05కి ఎక్కిస్తే యూట్యూబ్ ముందుగా తక్కువ నాణ్యత కాపీనే తయారుచేస్తుంది, 4కే కాపీ రావడానికి ఇంకా సమయం పడుతుంది. మొదటి అరగంట చూసినవాళ్లంతా మసక బొమ్మ చూసి ‘గ్రాఫిక్స్ బాగోలేవు’ అంటారు. కనీసం ముందు రోజు రాత్రే ప్రైవేటుగా ఎక్కించి, 4కే వచ్చిందని కళ్లతో చూశాక సమయం సెట్ చేయండి. ఇంకో సంగతి: పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీకి హీరో సొంత చానల్, పేజీల పేర్లు ముందే ఇచ్చి మినహాయింపు తీసుకోకపోతే, సొంత పాటకు సొంత చానల్‌లోనే కాపీరైట్ క్లెయిము పడి వీడియో ఆగిపోతుంది.

సోషల్ మీడియాలో పుట్టినరోజు ట్రెండ్‌కు వాడే హ్యాష్‌ట్యాగ్ ముందు రోజే బయటపెడితే ట్రెండ్ దెబ్బతింటుంది. ట్రెండింగ్ జాబితా మొత్తం లెక్క కంటే ఒక్కసారిగా పెరిగిన వేగాన్ని ఎక్కువ పట్టించుకుంటుంది. వ్యూస్ కొనడం గురించి ఒక్క మాట: యూట్యూబ్ దొంగ వ్యూస్ తీసేస్తుంది, రాత్రికి రాత్రి పడిపోయిన అంకెను ఎదుటి హీరో అభిమానులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు. కలెక్షన్ల పోస్టర్లు కూడా నిర్మాత పేజీ నుంచే పోవాలి. ఆ అంకెలకు లెక్క చెప్పగలిగేది నిర్మాత, బయ్యర్లు (సినిమా కొని ఆడించే పంపిణీదారులు). హీరో పేజీలో పెట్టిన అంకెకు హీరో జవాబుదారీ అవుతాడు.

ఇంటర్వ్యూలు ఒక్క రోజులో పది పెట్టే అలవాటు మంచిది కాదు. ఆరో ఇంటర్వ్యూకు మనిషి అలసిపోతాడు, నవ్వుతూ అనకూడని మాట అనేస్తాడు. ఐదు చాలు, ఒక్కోటి 20 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం. గదిలో మీరూ ఉండండి, మీ ఫోన్లోనూ ఆడియో రికార్డు చేసుకోండి. ఒప్పుకునే ముందే మూడు విషయాలు రాతలో తీసుకోవాలి: ఏయే సంగతులు అడగరో, థంబ్‌నెయిల్ మీద పెట్టే మాట ఇంటర్వ్యూలో నిజంగా అన్నదే అయి ఉండాలని, చిన్న క్లిప్‌లు కత్తిరించేటప్పుడు ప్రశ్న కూడా ఉంచాలని. ఇవాళ గంట ఇంటర్వ్యూ చూసేవాళ్లు తక్కువ, 20 సెకన్ల ముక్కే ఊరంతా తిరుగుతుంది. అందుకని తారకు ఇవ్వాల్సిన శిక్షణ ఒకటుంది. ప్రతి జవాబూ ముందూ వెనకా కత్తిరించినా అర్థం మారకుండా చెప్పడం నేర్పాలి. వ్యంగ్యం కత్తిరిస్తే తిట్టవుతుంది. ‘నేను అలా అన్నానని కాదు గానీ’ అని మొదలుపెట్టిన వాక్యంలో రెండో సగమే మిగులుతుంది.

ప్రీ రిలీజ్ వేదిక మీద హీరో చివర మాట్లాడతాడు, అప్పటికి రాత్రి పది దాటుతుంది, ఎదురుగా అభిమానుల కేకలు. చేతిలో చిన్న చీటీ పెట్టండి. కృతజ్ఞతలు చెప్పాల్సిన పేర్లు, అతిథి పేరు, విడుదల తేదీ, అభిమానులు జాగ్రత్తగా ఇళ్లకు చేరమన్న మాట. ఇంతే. ఒక్క టెక్నీషియన్ పేరు మరిచిపోతే ఆ బాధ ఆ మనిషికి చాలాకాలం ఉంటుంది. అది న్యాయమైన బాధే.

హీరోయిన్ల విషయంలో

హీరోను సినిమా గురించి అడుగుతారు, హీరోయిన్‌ను ఒళ్లు గురించి, బట్టల గురించి, పెళ్లి గురించి అడుగుతారు. దీన్ని పీఆర్వో మామూలు సంగతిగా తీసుకోకూడదు. ప్రెస్‌మీట్‌లో మైకు నడిపే మనిషికి ముందే చెప్పాలి: అలాంటి ప్రశ్న రాగానే ఆమె జవాబు చెప్పే అవసరం రాకుండా వేదిక మీదున్నవాళ్లే ‘తర్వాతి ప్రశ్న’ అనాలి. ఆ మాట దర్శకుడో హీరోనో అంటే ఇంకా బాగుంటుంది. కారు దిగేటప్పుడు కింది నుంచి కెమెరా పెట్టే వీడియోవాళ్లుంటారు. కారు తలుపుకూ కెమెరాలకూ మధ్య ఇద్దరు మనుషులు నిలబడేలా, కెమెరాల వరుస పది అడుగుల దూరంలో ఉండేలా చూడాలి. అసభ్యంగా తీసి పెట్టిన చానల్‌కు తర్వాత ఎప్పుడూ ఇంటర్వ్యూ ఇవ్వకండి. ఆ నియమం ఒక్క హీరోయిన్ పాటిస్తే లాభం లేదు, మీ దగ్గరున్న తారలందరికీ వర్తించాలి.

జనం వచ్చే చోట

ఈ పనిలో అన్నిటికంటే బరువైన భాగం ఇదే. ఇక్కడ తప్పు జరిగితే పోయేది ప్రాణం.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ వేళ తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. డిసెంబరు 13న అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. అంతకు ముందు సెప్టెంబరు 22న ‘దేవర’ ప్రీ రిలీజ్ వేడుకకు చోటుకు మించి జనం రావడంతో హోటల్లో కార్యక్రమమే రద్దు చేయాల్సి వచ్చింది. 2020లో కుప్పం దగ్గర శాంతిపురంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు, 2023లో పల్నాడు జిల్లాలో సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు కరెంటు షాకుతో పోయారు.

పుట్టినరోజుకు పది రోజుల ముందే తార సొంత గొంతుతో అర నిమిషం వీడియో పెట్టాలి: కరెంటు తీగల దగ్గర కటౌట్లు కట్టొద్దు, రాత్రిపూట కట్టొద్దు, ఇనుప ఫ్రేములు ఎత్తొద్దు. అభిమాన సంఘాల జిల్లా అధ్యక్షులకు అదే మాట ఫోన్‌లో విడిగా చెప్పాలి. ఇనుప ఫ్రేము పైకెత్తేటప్పుడు గాలికి వాలి తీగకు తగలడం వల్లే ఇలాంటి మరణాలు ఎక్కువ. తడిసిన ఫ్లెక్సీ అయినా అంతే ప్రమాదం.

వేడుక పెట్టేటప్పుడు పోలీసు అనుమతి రాతలో తీసుకోండి, ఆ కాగితంలో రాసిన జన సంఖ్య చూడండి. హాలు సామర్థ్యం 3000 అయితే పాసులు 2400 దాటొద్దు. స్టాఫ్, మీడియా, అతిథుల వెంట వచ్చేవాళ్లు మిగతా చోటు నింపేస్తారు. పాసు మీద గేటు నంబరు వేయండి, ఒకే గేటుకు అందరూ వస్తే అక్కడే తోపులాట. పాసు లేనివాళ్లకు బయట ఎల్‌ఈడీ తెర పెట్టడం కంటే, రావద్దని రెండు రోజుల ముందే గట్టిగా చెప్పి లైవ్ లింకు ఇవ్వడం మేలు. తెర పెట్టామంటే రమ్మన్నట్టే. తార వచ్చే సమయం, దారి ఎవరికీ చెప్పకండి. సన్‌రూఫ్ తెరిచి చేతులూపడం మానిపించండి. కారు నెమ్మదించిన చోటల్లా జనం ముందుకు తోసుకొస్తారు, వెనకున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనబడదు. తొక్కిసలాటలు మొదలయ్యేది అలాగే. మొదటి షోకు థియేటర్‌కు వెళ్లాలన్న కోరిక తారలకు సహజం. మూడో రోజు మధ్యాహ్నం ఆటకు, షో మొదలయ్యాక, పోలీసులు లిఖితపూర్వకంగా సరేనన్నాక వెళ్లినా ఆనందం తగ్గదు.

అభిమానుల ఉత్సాహానికి మంచి దారి చూపడం కూడా పీఆర్వో పనే. 1998 అక్టోబరు 2న చిరంజీవి బ్లడ్ బ్యాంకు, ఐ బ్యాంకు పెట్టినప్పటి నుంచి పుట్టినరోజు నాడు రక్తం ఇవ్వడం అభిమానులకు అలవాటైంది. మొదలుపెట్టిన తర్వాత పాతికేళ్లు నడపగలిగితేనే ఇలాంటిది మొదలుపెట్టాలి. ఫొటో కోసం ఒక్క రోజు చేసిన సేవను జనం ఇట్టే పసిగడతారు.

చెడు వార్త వచ్చిన గంట

ముందుగా వార్త ఏ రకమో తేల్చండి. గాలి కబురు అయితే, అంటే ఎవరో చిన్న యూట్యూబ్ చానల్ వేసిన ప్రేమ కథ లాంటిదైతే, ఊరుకోవడమే మందు. ఖండన వేస్తే విననివాళ్లకు కూడా వినిపించినట్టవుతుంది. డబ్బు, ఒప్పందం, సినిమా ఆగిపోయిందన్న కబురైతే ఆ రోజే రెండు వాక్యాల వివరణ ఇవ్వాలి, బయ్యర్ల సొమ్ము దానిమీద ఉంటుంది. ప్రమాదం, ఆరోగ్యం, పోలీసు కేసు అయితే గంట లోపు మాట్లాడాలి.

ఆ గంటలో ఇలా నడవండి. మొదటి పది నిమిషాలు ఎవరికీ జవాబు ఇవ్వకుండా తారతోనో, ఇంట్లోవాళ్లతోనో నేరుగా మాట్లాడండి. మేనేజరు విన్నది, డ్రైవరు చెప్పింది సరిపోదు. వెంటనే షెడ్యూలు చేసి ఉంచిన పోస్టులన్నీ ఆపేయండి. ఆస్పత్రిలో రక్తస్రావం వార్త నడుస్తుంటే అదే పేజీలో షాంపూ యాడ్ పడటం కంటే ఘోరం లేదు. తర్వాత వకీలుతో మాట్లాడి మూడు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, ఇప్పుడు పరిస్థితి ఏమిటి, తర్వాతి సమాచారం ఎన్నింటికి ఇస్తాం. కారణాలు, నిందలు వద్దు. గాయపడ్డవాళ్లు ఉంటే మొదటి వాక్యం వాళ్ల గురించే ఉండాలి, సినిమా పేరు అసలు ఉండకూడదు. చెప్పిన సమయానికి కొత్త సంగతి లేకపోయినా ‘మార్పు లేదు’ అని చెప్పండి. మాట్లాడే నోరు ఒక్కటే ఉండాలి. ఆరోగ్యం గురించి అయితే ఆస్పత్రి బులెటిన్ తప్ప మన సొంత మాట వద్దు.

దాచలేని జబ్బును తారే ముందు చెప్పడం ఎంత మేలో నాగేశ్వరరావు గారు చూపించారు. 2013 అక్టోబరులో పత్రికలవాళ్లను పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. జాలి పడొద్దన్న ఆ నిబ్బరం ఆయన్ని 2014 జనవరి 22న పోయిన తర్వాత కూడా జనం మనసులో నిలబెట్టింది. 2022 అక్టోబరులో సమంత తన మయోసైటిస్ (కండరాల వాపు జబ్బు) సంగతి తన ఇన్‌స్టాగ్రామ్‌లో తానే రాశారు. ఇద్దరి దారులు వేరైనా చేసింది ఒకటే, పుకారుకు చోటు లేకుండా చేశారు. భార్యాభర్తలు విడిపోయే సంగతి అయితే ఇద్దరూ ఒకే మాట, ఒకే సమయానికి పెట్టాలి. ఒక గంట తేడా వచ్చినా ఆ గంటలోనే కథలు అల్లేస్తారు.

యాడ్ ఒప్పుకునే ముందు

2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన తారకు కూడా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మొదటిసారి ఏడాది, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ఏ ప్రకటనలోనూ కనిపించకుండా నిషేధించొచ్చు. సరకు గురించి తగిన విచారణ చేసినట్టు చూపిస్తే తప్పించుకునే వీలూ ఆ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి ల్యాబ్ రిపోర్టు, లైసెన్సు, ప్రకటనలో చెప్పే ప్రతి మాటకూ ఆధారం తీసుకుని ఫైల్లో పెట్టండి. రియల్ ఎస్టేట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు మీరే వెబ్‌సైట్‌లో చూడండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రచారం 2025 చట్టంతో నేరమైంది, రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ‘స్కిల్ గేమ్’ అన్న మాట విని మోసపోకండి. ఇలాంటి యాప్‌ల వల్ల అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. చట్టం లేకపోయినా వద్దనాల్సిన డబ్బు అది.

దొంగ బొమ్మలు, దొంగ గొంతులు

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో నిందితుణ్ని గుంటూరులో పట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, బొమ్మ, గొంతు అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు.

అలాంటిది కనబడగానే రిపోర్టు బటన్ నొక్కే ముందు ఆధారం దాచండి. వీడియో పోయాక ఫిర్యాదుకు ఏమీ మిగలదు. పూర్తి లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి, ఫైలు దింపుకుని దాని హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి అంకె) రాయించండి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అది కావాలి. తర్వాత ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి తార పేరుతో రాతపూర్వక ఫిర్యాదు పంపండి. మార్ఫింగ్ చేసిన అసభ్య చిత్రాలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు పెట్టాయి. తర్వాత వచ్చిన సవరణలు కూడా చూసుకుని, ఆ రోజు అమల్లో ఉన్న గడువును ఫిర్యాదులోనే రాయండి. అదే సమయంలో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. తార గొంతుతో పెట్టుబడి మోసం జరిగి ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వాళ్లను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్ము దొరకదు. ‘ఇది దొంగ వీడియో’ అని చెప్పే పోస్టులో ఆ వీడియో గానీ, అందులోని బొమ్మ గానీ మళ్లీ పెట్టొద్దు.

వెళ్లిపోయిన తారల పేరు

తార పోయాక ఇమేజ్ పని కుటుంబం మీద పడుతుంది. చట్టం ఇక్కడ బలహీనంగా ఉంది. 2021లో జయలలిత మీద సినిమా విషయంలో మద్రాసు హైకోర్టు, 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ విషయంలో ఢిల్లీ హైకోర్టు ఒకే దారిలో వెళ్లాయి. వ్యక్తిగత గోప్యత హక్కు మనిషితోనే పోతుంది, వారసులకు రాదు అన్నాయి. కాబట్టి పేరును నిలబెట్టేది కుటుంబం దగ్గరున్న సామగ్రే. సంతకాలు, ఉత్తరాలు, నెగెటివ్‌లు, పాటల పుస్తకాలు, వందరోజుల షీల్డులు ఒక జాబితా రాసి, తేమ తగలని గదిలో పెట్టండి. నెగెటివ్‌లను ప్లాస్టిక్ కవర్లలో కుక్కితే ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఆమ్లం లేని కాగితపు కవర్లు వాడండి. వెనిగర్ వాసన వస్తోందంటే ఫిల్ము పాడవుతోంది, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి ముందుగా స్కాన్ చేయించండి.

ఫొటోకు, సినిమాకు కాపీరైట్ బయటికొచ్చిన తర్వాత 60 ఏళ్లు. 1960లో వచ్చిన సినిమా హక్కు 2020 ముగిసేసరికి తీరిపోయింది. 60 ఏళ్లు నిండని స్టిల్ వాడాలంటే హక్కు ఎవరిదో చూడాలి. నిర్మాత డబ్బిచ్చి తీయించినదైతే సాధారణంగా నిర్మాతది, స్టూడియోకు వెళ్లి తార తీయించుకున్నదైతే తారది. స్టిల్ ఫొటోగ్రాఫర్ పేరు తెలిస్తే హక్కు ఉన్నా లేకున్నా కింద వేయండి, ఆ పేర్లు చాలా వరకు ఎక్కడా మిగల్లేదు.

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్లీ వేసినప్పటి నుంచి రీరిలీజ్‌లు ఊపందుకున్నాయి. పాత తారలకు ఇది మంచి అవకాశం. అయితే ప్రింటు బాగోలేకుండా వేస్తే కొత్తగా చూసే పిల్లలకు ఆ నటుడే పాతబడ్డట్టు కనిపిస్తాడు. శతజయంతి లాంటిది వస్తుంటే రెండేళ్ల ముందే నెగెటివ్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టండి. దొరికిన రీలును ప్రొజెక్టర్ మీద పెట్టి చూడకండి, నేరుగా స్కానింగ్ ల్యాబ్‌కు పంపండి. ఎండి బిగుసుకున్న పాత రీలు ప్రొజెక్టర్ పళ్లకు పడితే రంధ్రాలు చిరిగిపోతాయి, మళ్లీ అతికించడానికి ఇంకో కాపీ ఉండకపోవచ్చు.